ఇరుసు కింద లాంతరు

ఇంట్లో దీపం గురించి మన పెద్దవాళ్లు ఎన్నో సామెతలు చెప్పారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. దీపం కింద చీకటి ఉంటుందన్నారు. బండికి కట్టే దీపం గురించి మాత్రం నాకు తెలిసి సామెత లేదు. నడిచేవి ఎడ్లు గనుక, వాటికి దారి తెలుసు గనుక, ఆ దీపాన్ని గురించి ఆలోచించవలసిన పని వాళ్లకు పడి ఉండదు. మనకు పడింది. ఎడ్ల చోట ట్రాక్టరు వచ్చి రెండు తరాలు గడిచాయి. దాని దీపం ఎక్కడ ఉండాలి, ఎటు చూడాలి, ఎవరి కోసం వెలగాలి అన్న సంగతి మనం ఇంకా స్థిమితంగా కూర్చుని మాట్లాడుకోలేదు. ఈ నాలుగు మాటలూ అందుకోసమే.

మాది గంగావతి నుంచి కారటగి మీదుగా సింధనూరు పోయే దారిలో ఒక క్యాంపు. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయి ఎడమ కాలువ కింద సాగు మొదలయ్యాక, కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు ఇక్కడ భూములు కొనుక్కుని గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల గుంపులకే క్యాంపులని పేరు. గుడిసెలు పోయి డాబాలు లేచినా పేరు మాత్రం అట్లాగే ఉండిపోయింది. నేను పుట్టింది ఇక్కడే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, కొట్లో రెండూ. ముప్ఫై ఏళ్లకు పైగా రోడ్డు పక్కన చిన్న కొట్టు పెట్టుకుని ట్రాక్టర్లకు బ్యాటరీ పని, వైరింగు పని చేస్తున్నాను. కనుక నేను చెప్పేది పుస్తకాల్లో చదివింది కొంత, చేతులకు మసి అంటించుకుని తెలుసుకున్నది ఎక్కువ.

మా వైపు ట్రాక్టరు రాత్రి పూట ఎందుకు తిరుగుతుందో ముందు చెప్పాలి. కాలువకు నీళ్లు వదిలేది మామూలుగా జులై నెలలో. నీళ్లు వచ్చాయంటే ఊరూవాడా ఒక్కసారే దమ్ముకు దిగుతారు. నారు ముదిరిపోతుంటుంది, కూలీలు ఒక రోజు దొరికితే మరునాడు దొరకరు, ట్రాక్టర్లేమో చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందుకని డ్రైవర్లు వంతులు వేసుకుని తెల్లవార్లూ చేస్తారు. కోతలప్పుడు ఇంకో రకం. కోతమిషను పొద్దుపోయేదాకా కోస్తుంది, ధాన్యం ట్రాలీల్లోకి ఎక్కేసరికి చీకటి పడుతుంది, మిల్లు దగ్గర వరసలో ముందు నిలబడాలంటే ఆ రాత్రికే బయలుదేరాలి. ట్రాలీని మా పెద్దవాళ్లు ఇప్పటికీ ట్రక్కు అనే అంటారు. చెరకు పండే మండ్య, బెళగావి వైపు వాళ్లకూ, కొల్హాపూరు వైపు స్థిరపడిన మనవాళ్లకూ ఇది నేను చెప్పనక్కరలేదు. ఫ్యాక్టరీ గానుగ రాత్రని ఆగదు, దానికి చెరకు తోలే బండీ ఆగదు.

అంటే ట్రాక్టరు దీపానికి ఇద్దరు యజమానులు. ఒకరు పొలం, ఇంకొకరు రోడ్డు. పొలానికి కావలసింది దగ్గరి వెలుగు, పరుచుకున్న వెలుగు, చక్రం పక్కనా నాగలి వెనకా పడే వెలుగు. రోడ్డుకు కావలసింది దూరం పోయే వెలుగు, ఎదుటివాడి కళ్లలో పడని వెలుగు, మనం ఎంత వెడల్పు ఉన్నామో పదిమందికీ చెప్పే వెలుగు. ఈ రెండు పనులూ ఒకే జత దీపాల చేత చేయిద్దామనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

దీపాలు పెట్టే చోట్లు ప్రధానంగా రెండు. ఒకటి ముందు జాలీలో గాని, దాని పక్కన గాని. రెండోది వెనక చక్రాల మడ్‌గార్డుల మీద. పైకప్పు ఉన్న బండ్లకు కప్పు అంచున పెట్టేవి మూడో రకం. జాలీలో దీపం నేలకు దగ్గరగా, డ్రైవరు కంటికి దూరంగా ఉంటుంది. ధూళి లేచినా, పురుగులు ముసిరినా, వాటి మీద పడ్డ వెలుగు తిరిగి డ్రైవరు కంట్లో కొట్టదు. రోడ్డుకు ఇది మంచిది. అయితే దమ్ములో బురద ఎగిరి అద్దాన్ని కప్పేసేది మొదట దాన్నే. పైగా రెండు దీపాలూ దగ్గర దగ్గరగా ఉంటాయి గనుక వెలుగంతా ముందుకే పోతుంది. వెనక చక్రం ఏ గట్టు ఎక్కుతోందో, ఏ బోదెలో దిగుతోందో డ్రైవరుకు కనబడదు.

మడ్‌గార్డు మీది దీపం ఇందుకు తలకిందులు. చక్రం పక్కన నేల బాగా కనబడుతుంది. బురద తక్కువ పడుతుంది. బండి వెడల్పు ఎంతో ఎదుటివాడికి తెలుస్తుంది. కాని బానెట్టు అడ్డం వచ్చి నడిమధ్య నీడ పడుతుంది. వరి ధూళిలో పోతుంటే కళ్ల ముందు తెల్లటి తెర వేలాడదీసినట్టుంటుంది. దీపం మన కంటికి ఎంత దగ్గరైతే ఆ తెర అంత చిక్కన. కప్పు మీది దీపానికి ఈ గుణం మరీ ఎక్కువ. పొలంలో అది దేవుడిచ్చిన వరం, రోడ్డు మీద ఎదుటివాడికి శాపం.

ఇక ఎదుటి నుంచి వచ్చేవాడి సంగతి చూడండి. రాత్రి మనం ఎదురు బండి దూరాన్ని ఎట్లా అంచనా కడతాం? రెండు దీపాల మధ్య ఎడాన్ని బట్టి. కారు దీపాల మధ్య ఎంత ఎడం ఉంటుందో మన కంటికి అలవాటు. ఎడం తక్కువగా కనబడితే బండి దూరంగా ఉందనుకుంటాం, పెరిగిన కొద్దీ దగ్గరికి వచ్చిందనుకుంటాం. జాలీలో దీపాలున్న ట్రాక్టరు ఈ లెక్కను తప్పిస్తుంది. దీపాలు రెండూ మూరెడు దూరంలో ఉంటాయి. వెనక చక్రాలు మాత్రం వాటికి అటూ ఇటూ ఎంతో బయటికి చొచ్చుకుని ఉంటాయి. ఎదుటివాడు "ఏదో కారు, ఇంకా చాలా దూరంలో ఉంది" అనుకుంటాడు. అది దగ్గరలోనే ఉంటుంది, అతను అనుకున్న దానికంటే వెడల్పుగానూ ఉంటుంది. దమ్ము చక్రాలు తగిలించి రోడ్డెక్కిన బండి అయితే ఆ వెడల్పు ఇంకా పెరుగుతుంది. ఇనప పళ్లు తారుని చెక్కేస్తాయని ఆ చక్రాలతో రోడ్డెక్కవద్దంటారు. చెక్కేది తారునే కాదని నాకు తెలుసు.

వీటన్నిటికంటే ప్రమాదం ఒంటికన్ను బండి. ట్రాక్టరుకు వెనక ఇరుసు దగ్గర స్ప్రింగులుండవు. ఇంజనే చట్రం. మూడు సిలిండర్ల అదురంతా నేరుగా బల్బు తీగకు పోతుంది. అందుకే కారులో ఏళ్ల తరబడి ఉండే బల్బు ట్రాక్టరులో ఒక పంటకే తెగిపోతుంది. తెగింది కుడి దీపమనుకోండి. మన దేశంలో ఎడమవైపు నడుస్తాం గనుక ఎదుటివాడికి దగ్గరగా ఉండేది మన కుడి పక్క. వెలుగుతున్నది ఎడమ దీపం ఒక్కటే. అతని కంటికి అది రోడ్డంచున పోయే మోటారుసైకిలు. పక్కన ఖాళీ ఉందనుకుని నిమ్మళంగా వస్తాడు. ఖాళీ అనుకున్న చోట మనిషెత్తు చక్రం ఉంటుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు మొదటి నుంచీ ఒకటే చెబుతాను: "రెండు బల్బులు కొనే డబ్బు లేకపోతే ఉన్న ఒక్కటీ కుడివైపు వెయ్యండి, రేపు వచ్చి రెండోది వేయించుకోండి."

మసక దీపానికి బల్బును తిట్టేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు తప్పు బల్బుది కాదు. కరెంటు బ్యాటరీ నుంచి తీగలో పోయి, బండి ఇనుము గుండా తిరిగి వస్తుంది. ఆ తిరిగి వచ్చే దారిలో ఎర్త్ బోల్టు తుప్పు పడితే కరెంటు అక్కడ కొంత పోతుంది. 12 ఓల్టుల బల్బుకు 10 శాతం తక్కువ అందితే వెలుగు తగ్గేది 10 శాతం అనుకుంటారు. నిజానికి సుమారు 30 శాతం తగ్గుతుంది. పాత తీగల బల్బు గుణమే అంత. కనుక కొత్త బల్బు అడిగిన మనిషికి ముందు ఆ బోల్టు విప్పి, గీకురాయితో రుద్ది, బిగించి చూపిస్తాను. సగం మంది బల్బు కొనకుండానే వెళ్లిపోతారు. నా భార్యకు ఈ వ్యాపారం నచ్చదు.

దీపం ఎంత బలంగా ఉందన్నదానికంటే ఎటు చూస్తోందన్నది ముఖ్యం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో దీనికి ఒక కొలత ఉంది. దీపానికి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఒక మనిషి కన్ను ఉన్నదనుకుంటే, ఆ కన్ను మిరుమిట్లు గొలపకుండా దీపం కిందికి వంగి ఉండాలి. ఇది రాసినవాడెవరో గాని ఎదుటివాడి కంటిని లెక్కలోకి తీసుకున్నాడు. ఆ మాటకు నేను దణ్ణం పెడతాను. ట్రాక్టరులో ఈ వంపు నిలబడదు. వెనక బరువైన పనిముట్టు ఎత్తినా, నిండు ట్రాలీ తగిలించినా వెనక టైర్లు అణుగుతాయి, మూతి పైకి లేస్తుంది. ఒక్క డిగ్రీ లేస్తే చాలు, 25 మీటర్ల దూరంలో వెలుగు 44 సెంటీమీటర్లు పైకి పోతుంది. మీటరు ఎత్తున ఉన్న దీపం వెలుగు సరిగ్గా మోటారుసైకిలు మీద వచ్చేవాడి ముఖానికి తగులుతుంది.

అందుకని దీపాన్ని సరిచేసేటప్పుడు ఖాళీ బండిని చూడకూడదు. రాత్రి పూట ఏ బరువుతో తిరుగుతారో ఆ బరువు తగిలించి, చదునైన చోట గోడకు 8 మీటర్ల దూరంలో నిలబెట్టాలి. దీపం ఎత్తు ఎంతో గోడ మీద సుద్దతో గీత గియ్యాలి. డిప్పు వేసినప్పుడు వెలుగు ముద్ద ఆ గీతకు బెత్తెడు కిందికి పడేట్టు మరలు తిప్పాలి. పది నిమిషాల పని. దీనికి నేను డబ్బు తీసుకోను, తీసుకుంటే ఎవరూ చేయించుకోరు గనుక.

వెనక పక్కకు వస్తాను. దమ్మూ దుక్కీ కనబడటానికి సీటు వెనకాల తెల్ల దీపం ఒకటి ఉంటుంది. పొలం దిగి రోడ్డెక్కాక దాన్ని ఆర్పడం మరిచిపోయే డ్రైవర్లు బోలెడుమంది. వెనక నుంచి వచ్చేవాడికి తెల్ల దీపం కనబడితే అది తనకు ఎదురు వస్తున్న బండి అనిపిస్తుంది. ముందు ఎర్ర దీపం ఉండకూడదు, వెనక ఎరుపు తప్ప వేరే దీపం ఉండకూడదు అని నియమాలు చెప్పేది ఇందుకే. నంబరు ప్లేటు మీదికీ, వెనక్కి నడిపేటప్పటికీ, సైగ దీపాలకూ మినహాయింపు ఉంది. తక్కినదంతా రంగుల భాష. తెలుపంటే "వస్తున్నాను", ఎరుపంటే "ముందు పోతున్నాను". ఏ భాష మాట్లాడేవాడికైనా తెలిసే ఈ రెండు మాటలనూ మనం తారుమారు చేసి పలుకుతున్నాం.

మా తాతగారు కోస్తా నుంచి వచ్చేటప్పుడు ఎడ్లబండి తెచ్చుకోలేదు గాని ఇక్కడికి వచ్చాక ఒకటి కట్టించారు. నా చిన్నతనంలో ఆ బండి మీద రాత్రి ప్రయాణాలు చేశాను. బండి బయలుదేరే ముందు నానమ్మ లాంతరు చిమ్నీని ముగ్గుతో తోమి, వత్తి కత్తిరించి ఇచ్చేది. తాతగారు దాన్ని తీసుకెళ్లి ఇరుసు కింద కొక్కేనికి తగిలించేవారు. లాంతరు కింద ఉంటే దారి ఏం కనబడుతుందని నాకు అనుమానం. అడిగితే, "మనకెందుకురా, ఎడ్లు చూసుకుంటాయి. అది వెనకొచ్చేవాడి కోసం" అన్నారు. బండి కదులుతుంటే లాంతరు ఊగేది. చక్రాల ఆకుల నీడలు రోడ్డుకు అటూ ఇటూ పెద్దగా తిరిగేవి. ఎంత దూరం నుంచి చూసినా అది బండి అనీ, మెల్లగా పోతోందనీ, ఇంత వెడల్పు ఉందనీ తెలిసిపోయేది. వాళ్లు ఏ నియమాలూ చదవలేదు. చూడటానికి పెట్టే దీపం వేరు, కనబడటానికి పెట్టే దీపం వేరు అని మాత్రం వాళ్లకు తెలుసు.

ట్రాక్టరు వచ్చాక మనం మొదటి దీపాన్ని ఉంచుకుని రెండోదాన్ని పారేశాం. ట్రాక్టరుకు వెనక ఎర్ర దీపాలు కంపెనీవాళ్లు ఇచ్చే పంపుతారు. ట్రాలీ తగిలించగానే అవి ట్రాలీ వెనక దాగిపోతాయి. ఇక ట్రాలీకి దాని సొంత దీపాలు వెలగాలి. అందుకు ట్రాక్టరు వెనక ఏడు పిన్నుల సాకెట్టు ఉంది. మా దారిలో పోయే బండ్లను ఆపి ఆ సాకెట్టు మూత ఎత్తి చూడండి. బురద గూడు కట్టి ఉంటుంది, కందిరీగలు గూడు పెట్టి ఉంటాయి. తీగ ట్రాలీ తొట్టి ఎత్తినప్పుడల్లా లాగబడి తెగుతుంది. తెగినదాన్ని డ్రైవరు కొడవలితో కోసి పక్కన పడేస్తాడు. ట్రాలీ దీపం అద్దాలు మిల్లు దగ్గర రివర్సులో గోడకు తగిలి పగులుతాయి. గడ్డి లోడయితే అద్దాలున్నా లేనట్టే, గడ్డి వేలాడి కప్పేస్తుంది. చెరకు లోడయితే గడలు ట్రాలీ అంచు దాటి వెనక్కి చాచుకుని ఉంటాయి. వాటి కొసకు పగలు ఎర్రగుడ్డ కట్టేవాళ్లే రాత్రికి ఏదీ కట్టరు.

వెనక దీపం వేయించుకోండని నేను చెప్పినప్పుడు ఒక కన్నడ డ్రైవరు నవ్వుతూ అన్న మాట నాకు బాగా గుర్తు. "హిందె లైటు యాకణ్ణా, హిందె బరోర్గె కణ్ణిల్వా?" వెనక దీపం ఎందుకన్నా, వెనకొచ్చేవాడికి కళ్లు లేవా అని. మనవాళ్లు ఇంతకంటే మర్యాదగా, "చూద్దాంలే బాబాయ్, ఈ పంట కానీ" అంటారు. అర్థం ఒకటే. ముందు దీపానికి ఎంతైనా ఖర్చు పెడతారు, దాని వెలుగు తమ కంటికి ఆనుతుంది గనుక. వెనక దీపం వెలుగుతోందో లేదో సీటు మీద కూర్చున్నవాడికి ఎప్పటికీ కనబడదు. తనకు కనబడని దీపానికి డబ్బు పెట్టడమంటే మనిషికి మనసు ఒప్పదు.

మా వీధి చివరి ఇంటి కుర్రవాడు ఒకడుండేవాడు. వాళ్ల అమ్మను నేను అక్కయ్యా అని పిలుస్తాను, అతను నన్ను మావయ్యా అనేవాడు. గంగావతిలో మందుల షాపులో పనిచేసి రాత్రి షాపు కట్టేశాక మోటారుసైకిలు మీద ఇంటికి వచ్చేవాడు. వేసవి పంట కోతల రోజులు. ధాన్యం ట్రాలీ ఒకటి టైరు పేలి రోడ్డు మీద ఆగింది. డ్రైవరు ట్రాక్టరు విప్పుకుని టైరు తేవడానికి పోయాడు. ట్రాలీ అక్కడే ఉంది. దాని వెనక రెండు రాళ్లు పెట్టాడు, రాళ్ల మీద ఒక వేపకొమ్మ పెట్టాడు. దీపం లేదు. ట్రాలీ రంగు మట్టి రంగు, రోడ్డు రంగు కూడా మట్టి రంగే. ఎదుటి నుంచి ఒక బండి నిండు వెలుగుతో వస్తోందని తరువాత ఎవరో చెప్పారు.

ఆ తరువాత చాలా రాత్రులు నేను కాగితం మీద లెక్కలు వేసుకున్నాను. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16 మీటర్ల పైమాట. కన్ను చూసి, బుర్రకెక్కి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర. అంతలో 25 మీటర్లు గడిచిపోతాయి. బ్రేకు పట్టాక బండి ఆగడానికి ఇంకో 23 మీటర్లు, అదీ రోడ్డు పొడిగా ఉండి టైర్లు బాగుంటే. మొత్తం 50 మీటర్లకు దగ్గర. డిప్పు దీపంలో మట్టి రంగు వస్తువు 50 మీటర్ల నుంచి కనబడటమే కష్టం, ఎదుటి వెలుగు కళ్లలో ఉంటే అసలే కనబడదు. వెనక ఎర్ర దీపం 155 మీటర్ల దూరానికి కనబడాలని నియమం. కనబడి ఉంటే అతనికి తొమ్మిది సెకన్లు దొరికేవి. తొమ్మిది సెకన్లలో మనిషి బండి ఆపి, దిగి, "ఎవరిదయ్యా ఈ ట్రాలీ" అని కేకలు కూడా వెయ్యగలడు. ఎన్నిసార్లు లెక్క వేసినా అతని తప్పు ఏమీ తేలలేదు. పొద్దున్నే నేను అక్కయ్యకు ఈ మాట చెప్పాను, ఎందుకంటే కుర్రవాడు జోరుగా వచ్చాడని అప్పటికే నలుగురూ అంటున్నారు. ఆమె లెక్కలేవీ వినలేదు. "వాడి తప్పు లేదంటావు గదా" అని మాత్రం రెండుసార్లు అడిగింది.

ట్రాలీ యజమాని చెడ్డవాడని నేను అనను. పదో దినానికి వచ్చి, గడప దాటకుండా బయటే కూర్చుని వెళ్లాడు. మరుసటి వారం తన రెండు ట్రాలీలూ నా కొట్టు ముందు నిలబెట్టి, "ఏమేం వెయ్యాలో అన్నీ వెయ్యండి, ఎంతైందో చెప్పండి" అన్నాడు. దీపాలు వేశాను. కాని తీగ తెగుతుందని నాకు తెలుసు గనుక వాటి మీద నమ్మకం పెట్టుకోలేదు. ట్రాలీ వెనక రెండు మూలలా నిలువునా, కింది అంచు పొడుగునా ఎర్రటి మెరిసే పట్టీ అతికించాను. ఈ పట్టీకి బ్యాటరీ అక్కర్లేదు, తీగ అక్కర్లేదు. దాని మీద పడ్డ వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపిస్తుంది. వెనకొచ్చేవాడి దీపమే అతనికి మన ఉనికి చెబుతుంది. మూలల్లో పెడితేనే వెడల్పు తెలుస్తుంది. నడిమధ్య ఒక్క ముక్క అతికిస్తే మళ్లీ ఒంటికన్ను బండి కథే. తుడవకుండా వదిలేస్తే ఒక వారానికి బురద కప్పి పట్టీ గుడ్డిదవుతుంది. ఇది మాత్రం చెప్పక తప్పదు.

అమెరికాలో 1960లలో ఇదే సంగతి మీద ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, మెల్లగా నడిచే బండ్లకు ఒక ముక్కోణాన్ని తయారుచేశారు. మధ్యలో నారింజ రంగు, చుట్టూ ఎర్రటి మెరిసే అంచు. నారింజ పగలు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఎర్ర అంచు రాత్రి దీపం పడితే మెరుస్తుంది. అది చెప్పేది ఒకటే మాట, "నేను నెమ్మది". గంటకు 80 కిలోమీటర్ల మీద వచ్చే కారుకు, 20 మీద పోయే ట్రాక్టరు కదలకుండా నిలబడి ఉన్నట్టే లెక్క. ఇద్దరి మధ్య దూరం సెకనుకు 16 మీటర్లకు పైగా తరుగుతుంది. 50 మీటర్ల నుంచి చూస్తే అతనికి మిగిలేది మూడు సెకన్లు. ఎర్ర దీపం ఒక్కటే అయితే "ముందు బండి ఉంది" అని తెలుస్తుంది గాని అది కారు వేగంతో పోతోందో, ట్రాక్టరు వేగంతో పోతోందో తెలియదు. ముక్కోణం ఆ లోటు తీరుస్తుంది. మా దారిలో దాన్ని నేను వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని బండ్లకే చూశాను.

ఇప్పుడు కొత్త రోగం ఒకటి వచ్చింది. ఎల్‌ఈడీ దీపాల పట్టీలు. కరెంటు తక్కువ తాగుతాయి, అదురుకు తెగవు, పొలంలో పట్టపగలు చేస్తాయి. నాకూ అవంటే ఇష్టమే. కాని కుర్ర డ్రైవర్లు వాటిని కప్పు మీదా బానెట్టు మీదా బిగించుకుని, అదే వెలుగుతో రోడ్డెక్కుతున్నారు. వాటికి డిప్పు లేదు, అడ్డ గీత లేదు. ఎదురొచ్చేవాడికి రోడ్డూ, ట్రాక్టరూ, పక్కన కాలువా అన్నీ మాయమై తెలుపొక్కటే మిగులుతుంది. నా దగ్గర ఆ పట్టీ బిగించుకునేవాళ్లకు దాని స్విచ్చిని వేరుగా, సీటు వెనక, చెయ్యి వెనక్కి చాపి వెయ్యవలసిన చోట పెడతాను. "ముందు పెట్టొచ్చు గదా అణ్ణా" అంటారు. పొలంలోకి దిగాక ఒకసారి చెయ్యి చాపు, రోడ్డెక్కేటప్పుడు ఒకసారి చాపు, నీ చెయ్యేం అరిగిపోదు అంటాను.

ఇన్నేళ్లలో మార్పు రాలేదని చెప్పను. చెరకు సీజనులో చాలాచోట్ల పోలీసులే నిలబడి బండ్లకు ఎర్ర పట్టీలు అంటిస్తున్నారు. మా క్యాంపులో సగానికి పైగా ట్రాలీలకు మూలల్లో ఎరుపు ఉంది. మిగతా సగం ఈ పంట కానీ అంటున్నాయి. మన భాషలో చదివే పత్రిక ఇది గనుక, బళ్లారి వైపు వాళ్లూ, హోసూరు వైపు వాళ్లూ, బరంపురం వైపు వాళ్లూ, యానాం వాళ్లూ చూస్తారు గనుక అందరికీ ఒక్క మనవి. దీపాల గురించి నేను చెప్పిన కొలతలన్నీ గుర్తుండనక్కర్లేదు. ధాన్యం తోలకం మొదలయ్యే ముందు ఒక చీకటి రాత్రి మీ ట్రాలీని లోడుతో రోడ్డు పక్కన నిలబెట్టండి. అన్ని స్విచ్చిలూ వేసి, దాని వెనక నూరు అడుగులు నడవండి. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి చూడండి. మీ బండి మీకు కనబడకపోతే, రేపు పొద్దున్నే మీ ఊళ్లో వైరింగు పని చేసేవాడి దగ్గరికి వెళ్లండి. అతను నాలాంటివాడే అయి ఉంటాడు, ఎక్కువేం అడగడు.